అన్ని కోణాల అమరేశ్వరరావు

ఈ కెనడా వాటర్లూలో అమరేశ్వరరావు గారిని తిట్టినవాళ్ళు ఎవరూ లేరు. ఆయన మీద నా మొదటి ఫిర్యాదు అదే. యాభై రెండేళ్ళు బతికి, మూడు దేశాల్లో ఉద్యోగాలు వెలగబెట్టి, ఒక్కరి చేతా మాట పడలేదంటే ఆ మనిషి ఎవరి కోసమూ ఎప్పుడూ నోరు విప్పలేదన్నమాట.

ఆయన చరిత్ర చెప్పడం తేలిక. తెనాలి పక్కన పల్లెటూరు, గుంటూరులో ఇంజనీరింగు, హైదరాబాదులో పదేళ్ళు, న్యూజెర్సీలో పదేళ్ళు. గ్రీన్ కార్డు వరస కదలకపోయేసరికి ఇటు కెనడా వచ్చిపడ్డారు. న్యూజెర్సీలో తెలుగు సంఘం కులాన్ని బట్టి రెండుగా చీలినప్పుడు ఈయన రెండింట్లోనూ సభ్యత్వం తీసుకుని, ఒకే ఉగాదికి రెండు హాళ్ళలో పచ్చడి తిన్నారు. ఇప్పటికీ దాన్ని గొప్పగా చెప్పుకుంటారు.

"చీలిక ఎందుకొచ్చిందో కనుక్కున్నారా?" అని ఒకసారి అడిగాను.

"అవన్నీ మనకెందుకు కమలగారూ? రెండు చోట్లా పులిహోర బానే ఉంది."

గోడమీద పిల్లి అంటారు గానీ, పిల్లి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక వైపు దూకుతుంది. ఈయన గోడమీదే ఇల్లు కట్టి గృహప్రవేశం కూడా చేసేసుకున్నారు.

మా ఇద్దరిదీ ఒకే ఆఫీసు, వేరు వేరు టీములు. ఒకే తెలుగు సంఘం. ఆయన సాంస్కృతిక కార్యదర్శి, నేను లైబ్రరీ చూసుకుంటాను. అంచేత ఇందులో చాలామటుకు నా కళ్ళముందు జరిగిందే.

ఆఫీసులో ఆయన కింద ముగ్గురు పనిచేసేవాళ్ళు. హనాన్ గాజాలో పుట్టి, చదువుకోవడానికి వచ్చి ఇక్కడ పౌరురాలైన పాలస్తీనా మనిషి. ఇప్పుడు ఇజ్రాయెల్లో ఉన్న మజ్దల్ అనే ఊరు 1948లో పోగొట్టుకుని గాజా శిబిరంలో చేరిన శరణార్థులు వాళ్ళ తాతలు. ఈతాన్ ఇజ్రాయెల్లో పుట్టిన యూదు. వాళ్ళ అమ్మమ్మ 1951లో ఒక్క పెట్టె పట్టుకుని బాగ్దాద్ వదిలి రావాల్సి వచ్చింది. 2023 అక్టోబరు ఏడున సరిహద్దు ఊళ్ళో ఈతాన్ పినతల్లి కొడుకుని ఇంట్లోనే చంపారు. మూడోవాడు విష్ణు. మనవాడే, గుంటూరువాడే. ఆ యుద్ధంలో వాడికి పోయింది ఏమీ లేదు.

హనాన్, ఈతాన్ మధ్యాహ్నం భోజనం దగ్గర పోట్లాడుకునేవారు. పక్క టేబులు నుంచి వినేదాన్ని.

"మీవాళ్ళు కంచె దాటొచ్చి నిద్రపోతున్న వాళ్ళని చంపారు. ముందు అది చెప్పు," అనేవాడు ఈతాన్.

"చెప్పాను. తప్పన్నాను. నెలకోసారి హాజరు వేయించుకుంటావా నాచేత? మా వీధి మీద పడిన బాంబు తప్పని నువ్వెన్నిసార్లన్నావ్?"

"మా అమ్మమ్మకి తిరిగెళ్ళడానికి బాగ్దాదుందా?"

"మీ అమ్మమ్మని తరిమింది మా తాతా? మా తాత ఊరి బీచిలో నువ్వు ఈత నేర్చుకున్నావ్. నేనా ఊరు కంటితో చూడలేదు."

ఇవి నేను ఇంగ్లీషులో విన్న మాటలు, తెలుగులో రాస్తున్నాను. ఒక్కోసారి ఇద్దరిలో ఎవరో ఒకరు డబ్బా మూసేసి లేచిపోయేవారు. మూడు రోజులు మాటలుండేవి కావు. నాలుగో రోజు మళ్ళీ అదే టేబులు. ఊళ్ళో యూదుల ప్రార్థనామందిరం తలుపు మీద ఎవడో పిచ్చిరాతలు రాసినప్పుడు ఈతాన్‌తో మొదట ఫోనులో మాట్లాడింది హనానే. వాళ్ళు ఒకరితో ఒకరు ఒప్పుకున్నది దాదాపు ఏమీ లేదు. కానీ చచ్చిపోయిన వాళ్ళ పేర్లు ఒకరివి ఒకరికి తెలుసు.

మధ్యలో అమరేశ్వరరావు గారు పెరుగన్నం కలుపుకుంటూ, "ఇద్దరి మాటల్లోనూ పాయింటుంది," అనేవారు.

"ఏ పాయింటు, అమర్?" అని హనాన్ అడిగితే, "అదే... ఓవరాల్‌గా," అనేవారు.

విష్ణు ఆ టేబులు దగ్గర కూర్చునేవాడు కాదు. వాడి పాండిత్యమంతా వాట్సాప్‌లో. పొద్దున లేస్తే మన సంఘం గ్రూపులో ఇజ్రాయెల్ జెండాతో రెండు మెసేజీలు. వాడికి ఇజ్రాయెల్ మీద ప్రేమ ఉందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. యూదుల పండగ ఒక్కటి చెప్పమంటే బిక్కమొహం వేస్తాడు. మన ఊళ్ళలో పక్కవీధి ముస్లిం మీద పెంచుకున్న కసిని ఇక్కడికి విమానంలో మోసుకొచ్చి, అది దింపుకోవడానికి ఇంకెవరి యుద్ధమో వాడుకుంటున్నాడు. ఇలాంటి వీరులు మనలో తక్కువేం లేరు. చదివేవాళ్ళు తడుముకోవద్దు, అందరికీ ఒక విష్ణు తెలుసు.

2024 ఫిబ్రవరిలో ఒక గురువారం. ఉదయం తొమ్మిదింబావుకి రోజూ జరిగే టీము మీటింగు. గదిలో ఆ నలుగురే. ఆవేళ సాఫ్ట్‌వేర్ రిలీజుంది, ఎవరెవరి పని ఎంతవరకొచ్చిందని అమరేశ్వరరావు గారు అడిగారు. హనాన్ వంతు వచ్చింది.

"మా అన్న ఇంటి మీద రాత్రి బాంబు పడింది. అన్న, వదిన, ఇద్దరు పిల్లలు బతికి దొరికారు. చిన్నది ఇంకా దొరకలేదు. ఇవాళ నావల్ల కాదు. సోమవారం దాకా సెలవు కావాలి," అని చెప్పి లేచి వెళ్ళిపోయింది.

అంతే. ఇంకొక్క మాట లేదు.

మధ్యాహ్నానికల్లా విష్ణు హెచ్ఆర్‌కి ఫిర్యాదు పంపాడు. హనాన్ మీటింగులో అక్టోబరు ఏడు నాటి హత్యల్ని సమర్థించిందట. ఆమెతో కలిసి పనిచేయాలంటే తనకి భయంగా ఉందట. ఆరడుగుల మనిషి, రోజూ జిమ్ముకెళ్ళే మనిషి, మేనకోడలు మట్టి కింద ఉన్న ఆడమనిషికి భయపడ్డాడు.

హనాన్ ఉద్యోగం అప్పటికి కాంట్రాక్టు. ఏప్రిల్లో పర్మనెంటు కావాలి. అన్న కుటుంబాన్ని తాత్కాలిక వీసా మీద తెచ్చుకోవడానికి జనవరిలోనే అప్లై చేసింది. పోషించగలనని చూపించడానికి ఆ కాగితాల్లో పెట్టింది ఈ ఉద్యోగమే. ఇది పోతే ఆ ఫైలు ఆగిపోతుంది. సంగతి టీములో అందరికీ తెలుసు. విష్ణుకీ తెలుసు.

హెచ్ఆర్ వాళ్ళు గదిలో ఉన్న మిగతా ఇద్దరికీ ఒకే ప్రశ్న పంపారు: ఆ మీటింగులో హనాన్ ఏమన్నారు? మీ మాటల్లో రాయండి. రెండు వారాలు గడువు.

ఈతాన్ ఆ సాయంత్రమే పంపేశాడు. ఆ కాగితం తరవాత నాకు చూపించాడు. "ఈ యుద్ధం గురించి హనాన్ అనేదాంట్లో సగం నేను ఒప్పుకోను. ఆమె ఆవేళ యుద్ధం గురించి మాట్లాడలేదు. మేనకోడలు దొరకలేదని చెప్పి సెలవడిగింది. ఫిర్యాదులో ఉన్న మాట ఆమె అనలేదు." నాలుగు వాక్యాలు.

అమరేశ్వరరావు గారు మర్నాడు నా దగ్గరకొచ్చారు.

"చాలా కాంప్లికేటెడ్ ఇష్యూ అండీ కమలగారూ."

"కాంప్లికేటెడ్ ఏముంది? ఆ అమ్మాయి అందా, లేదా?"

"అలా తేల్చేస్తే ఎలాగండీ? 1917 నుంచి చూసుకుంటూ రావాలి. బ్రిటిష్‌వాళ్ళు ఏం రాసిచ్చారు, ఎవరికి రాసిచ్చారు..."

గురువారం తొమ్మిదింబావుకి తన ఎదురుగా కూర్చున్న మనిషి ఏమందని అడిగితే, ఈయన నూరేళ్ళ వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. లైబ్రరీ నుంచి ఐదు పుస్తకాలు తెచ్చారు. పసుపు రంగు పెన్నుతో గీతలు గీశారు. చదవడం తప్పని నేననను. ఆ చరిత్ర తెలియకుండా నోరు పారేసుకునేవాళ్ళతోనే మన గ్రూపు నిండిపోయింది. కానీ చదువు కొందరికి దారి చూపిస్తుంది, కొందరికి దాక్కోవడానికి గుబురవుతుంది. విష్ణు గుంటూరు కాలేజీలో ఈయన జూనియరు, వాడి ఇంట్లో పాలు పొంగించింది ఈయన చేతులమీదుగానే, రాబోయే ఎన్నికల్లో సంఘం అధ్యక్ష పదవికి ఈయన పేరు ప్రతిపాదించబోయేదీ వాడే. 1917లో వెతికినా దొరకని కారణం అది.

పుస్తకాలతో ఆగలేదు. ప్రోగ్రాం పెట్టారు. తరవాతి వారం ఆదివారం సాయంత్రం, కమ్యూనిటీ సెంటరు హాల్లో, "ఇజ్రాయెల్–పాలస్తీనా: అన్ని కోణాల నుంచి". రెండు పక్షాలకూ చెరో వక్త, చెరో పదిహేను నిమిషాలు. చివర్లో భోజనాలు. సమయం అయిపోగానే గంట కొట్టే పని నాకప్పగించారు. ఒప్పుకున్నాను. అంతకంటే బుద్ధితక్కువ పని ఈమధ్య నేను చేయలేదు.

ఇజ్రాయెల్ పక్షాన మాట్లాడింది రామ్మోహన్ గారు. అర్హత: కంపెనీ పని మీద టెల్ అవీవ్‌లో ఆరు నెలలున్నారు. పాలస్తీనా పక్షాన యోగానంద్ గారు. అర్హత: దుబాయిలో ఏడేళ్ళు చేశారు. ఈ ఎంపికలో తేడా ఏముందో ఆ హాల్లో ఎనభైమందిలో ఒక్కరికీ తట్టలేదు. చెన్నైలో ఏడేళ్ళున్నాడు కదా అని మా రాయలసీమ కరువు గురించి ఒకణ్ణి మాట్లాడమంటే ఊరుకుంటామా?

రామ్మోహన్ గారు లేచి బిందుసేద్యం గురించి చెప్పారు. చిన్న దేశం, నీళ్ళు లేవు, అయినా పంటలు. చప్పట్లు. వెనక వరసలోంచి పెద్దాయన ఒకరు, "మిర్చికి కూడా పనికొస్తదా అండీ డ్రిప్పు?" అని అడిగారు. ఆ చర్చకి ఆరు నిమిషాలు. ఆ తరవాత యోగానంద్ గారు లేచి అరబ్బులు అతిథి మర్యాదలో మనకేం తీసిపోరని, తన షేక్ రంజానుకి ఖర్జూరాలు పంపేవాడని చెప్పి, చివర్లో, "పాపం వాళ్ళకీ కష్టాలున్నాయి," అన్నారు. గంట కొట్టాను.

ఆ హాల్లో రెండో వరసలో హనాన్ కూర్చుని ఉంది. అమరేశ్వరరావు గారే పిలిచారు. ఈతాన్‌నీ పిలిచారట, "నాకిది ఆదివారం ప్రోగ్రాం కాదు, అమర్," అని రానన్నాడు. హనాన్ వచ్చింది. తన మేనేజరు ఇలాంటిది పెట్టాడంటే తన పక్షాన నిలబడతాడేమోనని వచ్చింది. అప్పటికి చిన్న పిల్ల శవం దొరికి నాలుగు రోజులైంది. నేను గంట చేతిలో పట్టుకునే ఆమె పక్కన కూర్చుని ఒక్కో మాటా ఇంగ్లీషులో చెబుతుంటే, ఖర్జూరాల దగ్గర చెయ్యెత్తి, "చాలు," అంది.

"నేనెప్పుడు మాట్లాడాలి?" అని అడిగింది.

వెళ్ళి అమరేశ్వరరావు గారిని అడిగాను. "టైమైపోయిందండీ. బిర్యానీ చల్లారిపోతోంది. ఆవిడకి సన్మానం పెట్టాంగా," అన్నారు.

పెట్టారు. స్టేజి మీదికి పిలిచి శాలువా కప్పారు, చేతిలో జ్ఞాపిక పెట్టారు, ఫొటో తీశారు. మేనకోడల్ని పూడ్చిపెట్టిన వారంలో ఆ మనిషి జరీ శాలువా కప్పుకుని ఎనభైమంది తెలుగువాళ్ళ చప్పట్లు విన్నది. మైకు మాత్రం ఇవ్వలేదు. విష్ణు ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

పార్కింగ్ లాట్‌లో మంచు గట్టిపడి ఉంది. హనాన్ అమరేశ్వరరావు గారి కారు దగ్గర నిలబడింది.

"అమర్, ఆ మాట నేనన్నానా?"

"హనాన్, ఇందులో నేను న్యూట్రల్‌గా ఉండాలి. పాలస్తీనా ఇష్యూలో రెండు వైపులా..."

"నేను పాలస్తీనా గురించి అడగట్లేదు. గురువారం గురించి అడుగుతున్నాను. నువ్వు నా ఎదురుగా కూర్చున్నావ్. అన్నానా?"

"డ్రైవ్ సేఫ్‌లీ. రోడ్లు బాలేవు," అన్నారాయన.

గడువు చివరి రోజు సాయంత్రం నన్ను వాళ్ళింటికి పిలిచారు. తను రాసినదాని ఇంగ్లీషు సరిచూడాలట. మూడు పేజీలు. మొదటి పేజీలో 1917 ఉంది. రెండో పేజీలో 1948, 1967. మూడో పేజీ చివర అసలు సంగతి: "సదరు మీటింగులో హనాన్ మాటలను వినేవారి నేపథ్యాన్ని బట్టి వివిధ కోణాల నుంచి అర్థం చేసుకోవచ్చు. నేను అందరి అభిప్రాయాలనూ గౌరవిస్తాను."

"సెలవు కావాలి అనే మాటని ఎన్ని కోణాల నుంచి అర్థం చేసుకోవచ్చండీ?" అన్నాను.

"అబ్బా, మీరు మరీ యాక్టివిస్టులాగా మాట్లాడతారు. విష్ణు అలా ఫీలయ్యాడుగా. వాడి ఫీలింగు అబద్ధమంటామా?"

"వాడి ఫీలింగు ఎవడిక్కావాలి? ఆ అమ్మాయి అనని మాట అందని రాశాడు వాడు."

కాఫీ తెచ్చిన రత్నకుమారిగారు, ఆయన భార్య, గ్లాసులు బల్లమీద పెట్టి నిలబడ్డారు.

"ఆ పిల్ల ఏమీ అనలేదని మీరే చెప్పారుగా ఆ రోజు? ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు కూడానూ."

"అది ఇంట్లో చెప్పింది. ఇది అఫీషియల్."

"ఓహో. నిజం ఇంట్లోకీ, కోణాలు బయటికీనా?" అని ఆవిడ లోపలికెళ్ళిపోయారు. ఆవిడని సంఘంలో ఏనాడూ స్టేజి ఎక్కించలేదు, ఎందుకో అప్పుడర్థమైంది.

నేను దిద్దనన్నాను. ఆయన అలాగే పంపించారు.

హెచ్ఆర్ వాళ్ళకి అంతకంటే ఏం కావాలి? ఒకడు అందన్నాడు, ఒకడు అనలేదన్నాడు, మేనేజరు ఎటైనా అనుకోవచ్చన్నాడు. "సాక్షుల కథనాలు భిన్నంగా ఉన్నాయి" అని ముగించారు. క్రమశిక్షణ చర్య ఏమీ లేదు. కాంట్రాక్టు మాత్రం మార్చితో సరి, పొడిగించలేదు. ఈతాన్ రాసిన నాలుగు వాక్యాలని విష్ణు అబద్ధం ఒక్కటే అయితే కొట్టేయలేకపోయేది. వాటిని కొట్టేసింది ఈయన మూడు పేజీలు.

ఏప్రిల్లో హనాన్ అన్న, వదిన, మిగిలిన ఇద్దరు పిల్లలు ఎలాగో కైరో చేరారు. ఇక్కడ వీసా ఫైలులో చూపించిన ఉద్యోగం లేదు. ఆమె వేసవంతా వెతికి, లండన్‌లో, మన ఒంటారియో లండన్‌లోనే, ఒక ఆసుపత్రి రికార్డుల విభాగంలో చేరేదాకా ఆ కాగితాలు కదల్లేదు. అన్నాళ్ళూ నలుగురు మనుషులు కైరోలో ఒక గదిలో ఉన్నారు. ఈలోగా అమరేశ్వరరావు గారికి ఆఫీసులో ప్రశంసాపత్రం వచ్చింది, సున్నితమైన విషయంపై సామరస్యంగా చర్చ నిర్వహించినందుకు. శాలువా ఫొటో కంపెనీ పత్రికలో వేశారు.

హనాన్ ఊరుకోలేదు. లాయరుని పెట్టింది. ఖర్చుకి భయపడో, పరువుకి భయపడో కంపెనీ బయటినుంచి ఒక విచారణాధికారిని పిలిపించింది. ముందుగా వెళ్ళి, "నా స్టేట్‌మెంట్ ఎందుకు పక్కనపెట్టారు?" అని కూర్చున్నది ఈతానే. అక్టోబరులో అమరేశ్వరరావు గారి వంతు వచ్చింది. బయటికొచ్చి తిన్నగా నా దగ్గరకొచ్చారు, మొహం వెలిగిపోతోంది.

"ఆ విచారణకొచ్చినావిడ భలే మనిషండీ. నేను బ్యాక్‌గ్రౌండ్ చెప్పబోతుంటే ఆపేసింది. 'సార్, ఆ మాట ఆమె అన్నదా, లేదా? ఒక్క మాటలో చెప్పండి. కింద సంతకం పెట్టాలి, అబద్ధమైతే మీ ఉద్యోగం మీదికొస్తుంది,' అంది. నేను ధైర్యంగా చెప్పేశాను."

"ఏమని?"

"లేదని."

ఎనిమిది నెలలు, ఐదు పుస్తకాలు, రెండు పక్షాలు, ఎనభైమందికి బిర్యానీ. ఒక్క మాట.

ఫిర్యాదు అబద్ధమని తేలింది. విష్ణుని వేరే టీముకి మార్చారు. సంఘంలో వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. హనాన్‌కి కంపెనీ ఉత్తరమిచ్చింది, ఆరోపణకి ఆధారం లేదని. అది అందుకుని సంతకం పెట్టడానికి నవంబరులో ఆమె వచ్చింది. ఈతాన్, నేను కింద లాబీలో ఉన్నాం. వాళ్ళిద్దరూ అప్పటికే దేనిమీదో వాదించుకుంటున్నారు, యుద్ధం ఆగాక గాజాని ఎవరు పాలించాలన్న దానిమీద అనుకుంటాను. ఈతాన్ మొహం ఎర్రబడింది. హనాన్ మాట మధ్యలో అతన్ని ఆపి, "నువ్వు అడ్డం రాకపోతే వాక్యం పూర్తిచేస్తాను," అంటోంది.

లిఫ్టులోంచి అమరేశ్వరరావు గారు దిగారు. చెయ్యి చాపుతూ వచ్చారు.

"కంగ్రాట్స్, హనాన్. నిజం గెలిచింది. చివరికి నా సాక్ష్యమే పనికొచ్చిందని విన్నాను."

హనాన్ ఆ చెయ్యి వైపు చూసింది. "ఫిబ్రవరిలో నీకు తెలియదా, అమర్?"

"ఫిబ్రవరిలో..." ఆయన నిజంగానే ఆలోచించారు. ఆలోచించి, ఏ వంకరా లేని మొహంతో అన్నారు. "ఫిబ్రవరిలో నన్నెవరూ అవునా కాదా అని అడగలేదు."

ఈతాన్ తన భాషలో ఏదో అన్నాడు. అర్థం అడగలేదు నేను.

హనాన్ ఉత్తరాన్ని సంచిలో పెట్టుకుని జిప్పు లాగింది. కైరో నుంచి ఫైలు మళ్ళీ కదిలిందని, ఆ రోజే వైద్యపరీక్షలకి పిలుపొచ్చిందని నాకు చెప్పి, అన్నకి ఫోను చేయాలని లైట్ రైల్ స్టాపు వైపు వెళ్ళింది. ఈతాన్ వెనకాలే వెళ్ళాడు, ఇంకా వాదిస్తూనే.

చాపిన చెయ్యి జేబులో పెట్టుకుని అమరేశ్వరరావు గారు నా వైపు తిరిగారు.

"ఆవిడకి కోపం తగ్గినట్టు లేదు. నా వైపు నుంచి కూడా చూడాలి కదండీ?"

చూశాను. ఆయన వైపు నుంచి చూస్తే అక్కడ ఎవరూ కనబడలేదు, ఆయన తప్ప.